ఏప్రిల్లో ఆకు రాలే దేశం

కిందటి వారం ఈ కథలో ఓడకు నది నడుమ లంగరు వేయించి, పత్రిక మడిచి మనం ఇంటిపనుల్లో పడ్డాం. ఓడలో దొమితిల్లా ఉంది. ఆమె అత్తగారు ఒర్సొలా ఉంది. ఇద్దరి మధ్యా ఒక రాగి గుండిగ ఉంది. సంకటి కెలుక్కోవడానికని తెచ్చుకున్న ఆ గుండిగలో ఇప్పుడు పట్టుపురుగులు ఉన్నాయి. అసలు పురుగులు ఉండకూడదు. గుడ్లుగానే ఒడ్డు చేరాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

సముద్రం అవతల వాళ్ళు వదిలొచ్చిన ఇంట్లో తరతరాలుగా పట్టుగుడ్లు పిల్లలయ్యేది ఇంటి పెద్ద ఆడమనిషి గుండెల మీద. చలికాలమంతా నేలమాళిగలో పడుకోబెట్టి, మల్బరీ చిగురేసే వేళకు గుడ్డసంచీలో పోసి మెడలో వేసుకుంటే ఒంటి వేడికి అవే లేస్తాయి. ఆ సంచీని ఇంకొకరు ముట్టడానికి లేదు, విప్పడానికి అసలే లేదు. సముద్రం మీద తడుస్తాయనీ, దొంగలు ఎత్తుకుపోతారనీ ఒర్సొలా ఓడ ఎక్కకముందే సంచీ మెడలో వేసేసుకుంది. భూమధ్యరేఖ దగ్గర పైనుంచి సూర్యుడూ కిందనుంచి ఒర్సొలా కాగుతూ ఉంటే గుడ్లు మాత్రం ఎంతకని ఓర్చుకుంటాయి? సగం గుడ్లు పిల్లలై సంచీ మూతిలోంచి ఆవిడ మెడ మీదికి పాకాయి. మిగతా సగం కదల్లేదు. ఆ సగాన్ని ఆవిడ ఇంకా మెడలోనే మోస్తూ, పట్టుపురుగుల్ని చల్లగా చూసే యోబు పునీతుడికి పొద్దున్నా సాయంత్రం గుర్తు చేస్తోంది.

ఇవతల బ్యూనస్ ఐరిస్‌లో ఆవిడ కొడుకు విజీలియో, తన యజమాని దోన్ బెనిగ్నో దగ్గర ఒక మాట ఇచ్చి కూర్చున్నాడు. దోన్ బెనిగ్నో పట్టు మీద మోజుతో తోట నిండా మల్బరీ నాటించాడు. పురుగును పెంచడం తెలిసిన మనిషే దొరకలేదు. "మా అమ్మ వస్తోంది, గుడ్లు తెస్తోంది" అన్నాడు విజీలియో. ఆ మాట మీదే తోటలో పెంకుటిల్లు ఇచ్చారు. గుడ్లు రాకపోతే ఇల్లు కూరగాయలు పండించే ఇంకో కుటుంబానికి పోతుంది, విజీలియో మళ్ళీ ఇటుకబట్టీకి పోతాడు.

ఇక దిగుదాం.

మా నది సంగతి తెలిసిందే. చూడ్డానికి సముద్రమంత, లోతు మాత్రం మోకాలంత. ఓడ ఒడ్డు కనిపించీ కనిపించని చోటే ఆగిపోతుంది. అక్కడినుంచి పడవ. పడవ కూడా బురదలో కూరుకునే చోటికి ఎత్తు చక్రాల గుర్రబ్బండ్లు నీళ్ళలో ఎదురొస్తాయి. కొత్త దేశంలో మొదటి అడుగు నేల మీద వేద్దామని అంతదూరం వచ్చినవాళ్ళు బండివాడి భుజమ్మీద వేస్తారు.

పడవలోకి దిగేముందు డాక్టరుగారు నిచ్చెన దగ్గర నిలబడి అందరి కళ్ళూ నాలుకలూ చూశాడు. దొమితిల్లా వంతు వచ్చేసరికి గుండిగ మీది గుడ్డ ఎత్తాడు. పైన సన్నగా తరిగిన పాలకూరలాంటి ఆకు కనిపించింది.

"ఏమిటిది?"

"ఆకుకూర" అంది దొమితిల్లా. ఆ ఆకు అడుగున ఏముందని ఆయన అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు.

"ఒడ్డున వలసవాళ్ళ సత్రంలో భోజనం పెడతారమ్మా, మోసుకెళ్ళక్కర్లేదు" అన్నాడాయన.

"మా అత్తయ్యకి బయటి తిండి పడదండీ."

ఈ ఒక్క మాటా ఒర్సొలాకి అర్థమై సంతోషంగా తలాడించింది. కోడలు తన గురించి నలుగురిలో నిజం మాట్లాడటం అరుదు.

పడవ దిగి బండెక్కారు. బండివాడి పేరు నికానోర్. ఎండకు కమిలిన మనిషి, నడుముకి ఎర్రగుడ్డ. వాడి భాష వీళ్ళ భాషకు పినతల్లి కూతురు లాంటిది కాబట్టి దొమితిల్లాకి ఓడలోనే చాలావరకు పట్టుబడింది. ఒర్సొలా మాత్రం గట్టిగా మాట్లాడితే ఏ భాషవాడికైనా అర్థమవుతుందని నమ్మే మనిషి.

"పట్టుకో అవ్వా, గోతులున్నాయి" అని గుర్రాన్ని అదిలించాడు నికానోర్. "ఈసారి చలి తొందరగా వచ్చేట్టుంది. మా పెరట్లో అత్తిచెట్టు అప్పుడే బోడిదైపోతోంది."

"ఏమంటున్నాడే?"

"చలికాలం వస్తోందంటున్నాడు అత్తయ్యా."

"వెళ్ళిపోయిందని చెప్పు. ఏప్రిల్లో వచ్చేదేమిటి?"

"ఇక్కడ వస్తుందట."

ఒర్సొలా ఒడ్డు వైపు చూసింది. ఆవిడకు దూరం సరిగ్గా ఆనదు. దగ్గరా ఆనదు. ఈ రెండు సంగతులూ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కానీ ఒడ్డు వెంబడి చెట్ల వరస మీది రంగు ఏ కంటికైనా తెలిసేంత పసుపుగా ఉంది. గాలి ఒకసారి విసిరితే ఒక ఆకు ఎగిరొచ్చి బండిలో, సరిగ్గా గుండిగ మూత మీద పడింది. ఒర్సొలా దాన్ని తీసి వేళ్ళ మధ్య నలిపింది. గలగలమని పొడైపోయింది.

"విజీలియో రాశాడు కదత్తయ్యా" అంది దొమితిల్లా మెల్లగా. "ఇక్కడ కాలాలు తిరగబడి ఉంటాయని. ఫాదర్ గారు మీకే చదివి వినిపించారు."

"రాశాడు. జులైలో కుండల్లో నీళ్ళు గడ్డకట్టాయని రాశాడు. క్రిస్మస్ పూట చొక్కాలు విప్పుకుని పుచ్చకాయ తిన్నామని రాశాడు. అది వినగానే అనుకున్నా, వీడు తాగుడు మొదలెట్టాడని. మాన్పించమని కొవ్వొత్తులు కూడా వెలిగించాను." ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "పాపం తాగడం లేదన్నమాట."

"లేదత్తయ్యా."

"తాగుతున్నా బాగుండేదే!"

గుండిగలో పురుగులు ఓడ వంటశాల నుంచి తెచ్చిన ఆకు మీద అయిష్టంగా పాకుతున్నాయి. మల్బరీ తప్ప ఇంకోటి ఎరగని వంశం వాటిది. ఆకలికి తింటున్నాయే గాని ఒంటికి పట్టడం లేదు. రోజూ కొన్ని ముడుచుకుపోతున్నాయి. ఏప్రిల్లో దిగితే లేత చిగురు ఎదురొస్తుందనుకునే ఒర్సొలా ఇంత ధీమాగా ఉంది ఇన్నాళ్ళూ. ముదిరి పండిన ఆకు ఈ పసిపురుగులు కొరకలేవు. ఇవి గూడు కట్టేది లేదు, పట్టు అయ్యేది లేదు. అంటే ఇల్లు లేదు.

బండి చక్రం గోతిలో దిగి లేచింది. అప్పుడు ఉన్నట్టుండి ఒర్సొలా ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ రొమ్ము మీద ఆనించుకుంది.

"ఒసేయ్ దొమితిల్లా! ఈ సగం!"

ఇంతసేపూ దొమితిల్లా ఈ మాట వస్తుందనే భయపడుతోంది.

"ఈ సగం ఎందుకు లేవలేదో ఇప్పుడు తెలిసిందే నాకు! గుడ్లు అమ్మినవాణ్ణి అనవసరంగా తిట్టుకున్నాను. ఇక్కడ చలికాలం ముందుందని ఆ యోబు స్వామికి తెలుసు. అందుకే నిద్ర లేపలేదు. వీటిని చల్లటి చోట దాచి, ఈ తిక్క దేశంలో వసంతం ఎప్పుడొస్తే అప్పుడు లేపుతాను. చూశావా? నా గుండెల మీద ఇంత సెగలోనూ లేవకుండా ఉన్నాయంటే, మహిమ కాకపోతే ఏమిటి?"

ఇక చెప్పక తప్పదు. అత్తగారి దుఃఖాన్ని చూస్తూ ఊరుకోవచ్చు, ఎవరైనా ఊరుకుంటారు. మహిమను చూస్తూ ఊరుకుంటే మాత్రం రేపు దాన్ని పీఠమెక్కించి హారం వేయవలసి వస్తుంది.

"అత్తయ్యా, అవి లేవవు."

"లేవకూడదనే కదే అంటున్నాను."

"వచ్చే వసంతానికీ లేవవు. అవి గసగసాలు."

నికానోర్ వెనక్కి తిరిగి చూశాడు. మాట అర్థం కాలేదు గాని, ఒక ముసలావిడ అంత నిశ్శబ్దంగా ఉండటం మంచిది కాదని వాడికి తోచింది.

ఒర్సొలా సంచీ పైకి తీసింది. ముడి విప్పింది. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని ముందుపళ్ళతో కొరికింది. నమిలింది. ఆవిడ పుట్టింట్లో ప్రతి పండక్కీ గసగసాల రొట్టె చుడతారు. ఆ రుచి దగ్గర పొరపడే మనిషి కాదు.

"నా సంచీ విప్పావా?"

"విప్పాను."

"నా మెడలోంచి తీసి?"

"మీరే ఇచ్చారు. జెనోవా రేవులో, ఓడ మీద స్నానానికి మంచినీళ్ళు ఇవ్వరని ఎవరో చెబితే ఒళ్ళు తోముకుంటానని వెళ్ళారు. పట్టుకో, విప్పకు అన్నారు."

"విప్పకు అన్నానా లేదా?"

"అన్నారు. నేను విన్నాను కూడా."

"విని?"

"విని విప్పాను. సగం తీసి, బరువు తేడా తెలియకుండా గసగసాలు కలిపాను."

"ఓరి నాయనో!" ఒర్సొలా లేచి నిలబడబోయింది, బండి కుదుపుకి మళ్ళీ కూలబడింది. "మా అత్తగారు కన్నుమూసే రోజుదాకా ఆ సంచీ నా చేతికివ్వలేదే! నేను అడగనైనా లేదే! ఇన్నాళ్ళూ నా చేత గసగసాలకి జపం చేయించావా? రాత్రుళ్ళు బోర్లా పడుకోకుండా, అటూ ఇటూ దొర్లకుండా, కాళ్ళు పట్టేసినా కదలకుండా, గసగసాలకి కాపలా పడుకున్నానా నేను?"

"చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. మీరు వాటితో అంత ప్రేమగా మాట్లాడుతుంటే నోరు రాలేదు."

"అవ్వ ఎందుకరుస్తోంది?" అన్నాడు నికానోర్.

"గసగసాలు బాగోలేవంటోంది."

"ఒడ్డున మంచివి దొరుకుతాయని చెప్పు" అన్నాడు వాడు, మర్యాదస్తుడు.

ఒర్సొలా కోడలి చెయ్యి పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "ఎందుకు చేశావ్? అది చెప్పు ముందు."

దొమితిల్లా కళ్ళు దించలేదు. "మీ అబ్బాయి మాట మీరు నమ్మలేదు. నేను నమ్మాను. ఏప్రిల్లో ఆకు రాలుతుందంటే రాలుతుందనుకున్నాను. ఇంట్లో ఆ ముక్క అంటే గరిటె తీసుకుని లేచారు. అందుకని అనకుండా చేశాను."

"పెళ్ళైన నాలుగు నెలలకే ఓడెక్కిన మొగుడు. ఏం చూసి నమ్మావే వాణ్ణి?"

"అబద్ధం అల్లేంత తెలివి ఆయనకి లేదని ఆ నాలుగు నెలల్లోనే తెలిసింది."

ఈ సంగతి తల్లిగా ఒర్సొలాకి ఇంకా ముందే తెలుసు. మరి ఆ ఉత్తరాన్ని తాగుడుకెందుకు అంటగట్టిందో ఇప్పుడు ఆవిడకే తోచలేదు. నది వైపు చూసింది, గుండిగ వైపు చూసింది, చివరికి కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, కానీ దాని పక్కనే లెక్కలు కట్టే ఇల్లాలు కూడా వచ్చి కూర్చుంది.

"సరే. నన్ను వెర్రిదాన్ని చేశావు, ఆ తగువు ఒడ్డుకెళ్ళాక తీరిగ్గా పెట్టుకుంటాను. తీసిన సగం ఏదీ?"

ఈ ప్రశ్న కోసమే దొమితిల్లా ఓడ ఎక్కినప్పటి నుంచీ ఎదురు చూస్తోంది. బుట్టలోంచి తడిగుడ్డ చుట్టిన రేకు డబ్బా తీసింది.

"మొదటి తరగతి వంటశాలలో ఐసు పెట్టె ఉంది. వంటాయన జక్కరీయా మన పక్క లోయవాడే. ఆయనకి రోజూ బంగాళాదుంపలు చెక్కు తీసిపెట్టాను, ఆయన ఈ డబ్బాని ఐసు పక్కన పెట్టనిచ్చాడు. పొద్దున దిగేముందు తెచ్చుకున్నాను. ఇవి ఒక్కటి కూడా లేవలేదు అత్తయ్యా. మన నేలమాళిగలో ఉన్నంత చల్లగా పడుకుని వచ్చాయి."

"వంటవాడికి బంగాళాదుంపలు చెక్కు తీశావా? నడుం నొప్పని నన్ను సంకటి కెలకమన్నది అందుకా?"

"అందుకే."

ఒర్సొలా పెదవి చివర ఏదో కదిలింది. నవ్వని ఒప్పుకోదు గనక మనమూ అనొద్దు. "చూపించు" అంది.

దొమితిల్లా మూత తీసింది. బూడిదరంగు గింజలు, అంచుల దాకా. ఒర్సొలా డబ్బాలోకి ముక్కు పెట్టింది. తరవాత ఒక చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది.

"అత్తయ్యా! అవి తినేస్తారేమిటి?"

ఒర్సొలా నమిలి మింగింది.

"పొద్దున వంటవాడు ఏం చేస్తున్నాడే, నువ్వెళ్ళేసరికి?"

"హడావిడిగా ఉన్నాడు. ఇవాళ సాయంత్రం కెప్టెన్ ఊళ్ళో పెద్దమనుషుల్ని ఓడకు పిలిచి విందు చేస్తున్నాడట. పిండి కలుపుతూ, చేతులు ఖాళీ లేక మోచేత్తో చూపించాడు, నీ డబ్బా తీసుకెళ్ళు అని."

"ఏం వండుతున్నాడు?"

"వాళ్ళ లోయలో చేసే..." దొమితిల్లా ఆగిపోయింది.

"చెప్పు."

"గసగసాల రొట్టె."

"గసగసాలు ఎక్కడ పెట్టుకున్నాడు?"

"వేడికి చేదెక్కుతాయని... ఐసు పెట్టెలోనే." ఆమె చేతిలోని డబ్బాను తిప్పి చూసింది. "ఇలాంటి బిస్కట్ డబ్బాలోనే."

ఒర్సొలా డబ్బా మూత పెట్టి కోడలి ఒళ్ళో పెట్టింది. "ఇవీ గసగసాలే. నువ్వు నాకు చేసిందే వాడు నీకు చేశాడు" అంది. "నువ్వు కావాలని చేశావు, వాడు తెలియక చేశాడు, అంతే తేడా."

చక్రాల కింద నీళ్ళు లోతు తగ్గుతున్నాయి. ఒడ్డు మీది మనుషులకు ముఖాలు వస్తున్నాయి.

అప్పుడే ఎదురుగా ఇంకో బండి నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది. రంగు వేసిన బండి. దానిలో నల్లకోటు, తళతళలాడే టోపీ, బురదకు భయపడి కాళ్ళు పైకి ఎత్తుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి. పగ్గాలు పట్టుకున్నవాడు ఈ బండిలోకి ఒక్కసారి చూసి, పగ్గాలు వదిలేశాడు.

"అమ్మా!"

విజీలియో మారలేదు. ఇంకొంచెం నల్లబడ్డాడు, మీసం ఇంకొంచెం నమ్మకంగా పెరిగింది. రెండు బండ్లూ చక్రాలు రాసుకునేంత దగ్గరగా ఆగాయి. తల్లిని చూస్తూ నవ్వాడు, భార్యను చూస్తూ నవ్వడం మరిచిపోయాడు.

"దోన్ బెనిగ్నో దొరగారమ్మా" అని ఒక్క గుక్కలో చెప్పాడు. "కెప్టెన్ గారి విందుకి వెళ్తున్నారు. నేనే పడవ దాకా దించుతానన్నాను, దారిలో మీరు కనిపిస్తారని."

దోన్ బెనిగ్నో టోపీ ఎత్తాడు. "ఈవిడేనా? అడుగు విజీలియో, గుడ్లు వచ్చాయా లేదా?"

విజీలియో అడగనక్కర్లేకపోయింది. కొన్ని ప్రశ్నలు ఏ భాషలో అడిగినా ముఖం మీదే ఉంటాయి. దొమితిల్లా చెయ్యి డబ్బా మీద బిగుసుకుంది. ఒర్సొలా లేచి నిలబడింది. ఈసారి బండి కుదిపినా కూలబడలేదు.

"వచ్చాయని చెప్పరా. క్షేమంగా ఉన్నాయి. ఇక్కడి వసంతం కోసం నిద్రపోతున్నాయి. మీ దేశపు కాలాల సంగతి మాకు ముందే తెలుసు, దానికి తగ్గట్టే తెచ్చాం అని చెప్పు."

విజీలియో తల్లిని గర్వంగా చూసి, చెప్పాడు. దోన్ బెనిగ్నో ముఖం విప్పారింది. "చాలా మంచిది! ఇవాళంతా శుభమే. ఆ ఓడ వంటవాడి గసగసాల రొట్టె గురించి ఊరంతా చెప్పుకుంటున్నారు, అదొక్కటీ రుచి చూసి వచ్చాక తోటలో కలుద్దాం."

ఒర్సొలా వంగి, కొడుక్కి వినపడకుండా కోడలి చెవిలో అంది. "ఎక్కు ఆ బండి."

"నేనా?"

"నా మోకాళ్ళతో నిచ్చెన ఎక్కమంటావా? దాచింది నువ్వు, వంటవాడు తెలిసింది నీకు. పిండి పొంగి, వాడు మన గుడ్లు చల్లి చుట్టి, పొయ్యిలోకి తోసేలోపు చేరాలి. ఎక్కు."

అని, మెడలోంచి సంచీ తీసింది. తలకిందులు చేసి దులిపింది. గసగసాలు నది మీద పడి, నీళ్ళు నల్లబొట్లు పెట్టుకున్నట్టు కాసేపు తేలి కొట్టుకుపోయాయి. వాటి వెంట ఇన్నాళ్ళ జపమూ వెళ్ళిపోయింది. ఖాళీ సంచీని ఆవిడ కోడలి తలమీంచి వేసి, రొమ్ము మీద సరిచేసి, రవికలోపలికి తోసింది. పెళ్ళినాడు కూడా ఆవిడ చెయ్యి ఇంత దగ్గరికి రాలేదు.

"తెచ్చి ఇందులో పొయ్యి. చల్లటి చోటికి చేరేదాకా నీ మెడలోనే. ఇంకెవరినీ ముట్టనివ్వకు." ఒక్క క్షణం ఆగింది. "నన్నైనా సరే."

దొమితిల్లా లంగా పైకి దోపుకుని, నికానోర్ భుజం ఆసరాగా ఒక బండిలోంచి ఇంకో బండిలోకి దాటింది. దోన్ బెనిగ్నో ఆశ్చర్యంగా కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు.

"క్షమించండి దొరగారూ. మా అత్తయ్య డబ్బా ఒకటి ఓడలో ఉండిపోయింది. అది లేకపోతే ఆవిడకి నిద్ర పట్టదు."

"అయ్యో, దానిదేముంది, రామ్మా. నా వెంట వస్తే పైకి ఎక్కనిస్తారు."

విజీలియో ఇటు తల్లినీ అటు పక్కనే వచ్చి కూర్చున్న భార్యనూ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడే కదా దిగావు?" అన్నాడు, పాపం. రెండేళ్ళుగా ఆమెతో మొదట ఏం మాట్లాడాలా అని కలలు కన్న మనిషి అన్న మొదటి మాట అది.

"గుర్రాన్ని తోలండి" అంది దొమితిల్లా. "దారిలో చెప్తాను. దొరగారికి అర్థం కాని మాటల్లో చెప్తాను. నవ్వకూడదు, అరవకూడదు, వెనక్కి తిరిగి ఆయన్ని చూడకూడదు."

బండి తిరిగింది. వెనక నీళ్ళలో నిలబడిపోయిన బండిలోంచి ఒర్సొలా రాగి గుండిగను ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. దూరం ఆనని ఆ కళ్ళకు కూడా ఒకటి మాత్రం కనిపించింది. ఓడ నడుమ, ఇంతసేపూ చల్లగా ఉన్న వంటశాల పొగగొట్టం చివరనుంచి, సన్నగా పొగ లేస్తోంది.